తప్పు చెప్పినా కసురుకోని సార్ ఎక్కడ దొరుకుతారు?

ప్రశ్న: మాది జగిత్యాల దగ్గర పల్లె. మా వారు దుబాయ్‌లో పనిచేస్తారు. పాప తొమ్మిదో తరగతి. ఏడు వరకు ఊళ్లోనే చదివింది. అక్కడ పేరుకు ఇంగ్లీషు మీడియమే అయినా పాఠం తెలుగులోనే చెప్పేవారు. ఎనిమిదిలో టౌన్‌లో ప్రైవేటు స్కూల్లో వేశాం. ఇప్పుడు ఎఫ్ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) పరీక్షలో బయాలజీకి 20కి 13 వచ్చాయి, ఫిజికల్ సైన్స్‌కు 5 వచ్చాయి. ఇద్దరు ట్యూషన్ సార్లను మార్చాం. రెండో సార్ పదిమంది పిల్లల ముందు 'నీ బుర్రలో మట్టి ఉంది, నీకు సైన్స్ ఎందుకు' అన్నాడట. అప్పటి నుంచి సాయంత్రం 5 అయితే చాలు, కడుపునొప్పి అంటుంది. మా వారేమో హైదరాబాద్‌లో హాస్టల్ ఉన్న స్కూల్లో వేద్దామంటారు. నేను తెలుగు మీడియంలో పదో తరగతి వరకే చదివాను. పిల్లను చిన్నబుచ్చకుండా ఓపిగ్గా సైన్స్ చెప్పేవాళ్లను ఎలా వెతుక్కోవాలి?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ఆ 5 మార్కుల కంటే సాయంత్రం 5 గంటల కడుపునొప్పే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ముందు దాని గురించే చెబుతాను.

పాప నాటకమాడటం లేదు. భయం వేస్తే పిల్లలకు నిజంగానే కడుపులో నొప్పి పుడుతుంది, వికారంగా ఉంటుంది, అన్నం సహించదు. ఒకసారి డాక్టరుకు చూపించండి. ఒంట్లో వేరే కారణం ఏమీ లేదని తేలితే మందుల కోసం తిరగడం మాని ఆ ట్యూషన్ మాన్పించండి. నెల మధ్యలో అయినా సరే, కట్టిన ఫీజు పోయినా సరే. ఎలాగూ డాక్టరు దగ్గరికి వెళ్తారు కాబట్టి కళ్లు కూడా పరీక్ష చేయించండి. బోర్డు మీది అక్షరాలు మసకగా కనబడుతుంటే, అందరికీ అలాగే కనబడుతుందనుకుని ఊరుకునే పిల్లలను నేను చాలామందిని చూశాను.

ఇంకొక మాట పాపకు మీ నోటితో చెప్పాలి: 'ఆ సార్ అలా అనడం తప్పు.' మనలో చాలామందికి 'సార్ నీ మంచికే అన్నాడులే' అని సర్దిచెప్పే అలవాటు ఉంది. అలా అంటే సార్ అన్న మాటను అమ్మ కూడా ఒప్పుకున్నట్టే పిల్లకు వినబడుతుంది. విద్యాహక్కు చట్టం, 2009 బడిలో పిల్లలను కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. బడిలో కూడని పని ట్యూషన్‌లో ఎలా సరైనదవుతుంది?

ఇక చదువు సంగతి. మీరు రెండు మార్కులూ విడివిడిగా రాయడం మంచిదైంది. బయాలజీలో 13 తెచ్చుకుందంటే పాప చదువుతోంది, గుర్తుపెట్టుకుంటోంది, రాస్తోంది. ఆగిపోయింది ఫిజికల్ సైన్స్ దగ్గరే. పబ్లిక్ పరీక్షల్లో కూడా ఈ రెండింటికీ వేర్వేరు రోజుల్లో పరీక్ష పెడతారు. కాబట్టి 'అన్ని సబ్జెక్టులు చెప్పబడును' అనే చోటికి పంపక్కర్లేదు. భౌతిక, రసాయన శాస్త్రాలు చెప్పే ఒక్కరు చాలు, వారానికి మూడు రోజులు చాలు.

ట్యూషన్ వెతికే ముందు పాప ఎక్కడ ఆగుతోందో ఇంట్లోనే తెలుసుకోవచ్చు. పదో తరగతి వరకే చదివానని వెనకాడకండి, ఈ పనికి మీ తెలుగు మీడియం చదువే పనికొస్తుంది. స్పీడ్ అంటే వడి, వెలాసిటీ అంటే వేగం, మాస్ అంటే ద్రవ్యరాశి, వెయిట్ అంటే భారం అని మీరు చదువుకున్నారు. మామూలు మాటల్లో మనకు వడి, వేగం ఒకటే. సైన్స్‌లో వేగానికి దిశ కూడా ఉంటుంది. తెలుగులో పాఠం విని, ఒక్కసారిగా ఇంగ్లీషు పుస్తకంలో పడ్డ పిల్లలు తడబడేది సరిగ్గా ఇలాంటి చోటే.

ఆమె పుస్తకంలోంచి ఒక లెక్క తీసి తెలుగులో అడగండి. నోటితో సరిగ్గా చెప్పి, అదే లెక్క ఇంగ్లీషులో ఉంటే చేయలేకపోతోందంటే చిక్కు భాషతోనే. లెక్క అర్థమై కూడా, గంటకు 36 కిలోమీటర్లంటే సెకనుకు ఎన్ని మీటర్లో కట్టలేకపోతోందంటే చిక్కు గణితంలో ఉంది. జవాబు 10 మీటర్లు, కానీ దానికి భాగహారం బాగా రావాలి. సూత్రాలన్నీ గడగడా అప్పజెప్పి, ఏది ఎక్కడ వాడాలో తెలియక కూర్చుంటోందంటే అప్పుడది సైన్స్ పాఠంతోనే వచ్చిన ఇబ్బంది. చాలామంది ట్యూషన్ సార్లు ఈ మూడింటిలో ఏదన్నది చూడకుండా పాఠం మళ్లీ మొదటి నుంచి ఇంకాస్త గట్టిగా చెబుతారు. మీ పాపకు రెండుసార్లు జరిగింది అదేనేమో.

ఎలా వెతుక్కోవాలన్నారు. ర్యాంకుల ఫ్లెక్సీలు చూసి వెళ్లకండి. ఆ ఫోటోల్లోని పిల్లలు ఎక్కడున్నా చదివేవాళ్లే. మీ పాపలాగే మధ్యలో తడబడుతున్న పిల్లల తల్లులను అడగండి. అడిగేటప్పుడు కూడా 'ఎన్ని మార్కులు వస్తున్నాయి' అనకండి. 'మీ పిల్ల ట్యూషన్‌కు తనంతట తానే బయల్దేరుతుందా, మీరు తరమాలా?' అని అడగండి. రిటైరైన సైన్స్ టీచర్లలో ఓపిక ఉన్నవాళ్లు దొరుకుతారు. నా అనుభవంలో బీఈడీ చేసి, టీచర్ ఉద్యోగాల కోసం డీఎస్సీ పరీక్షకు తయారవుతున్న ఆడపిల్లలు, అబ్బాయిలు ఇంకా బాగా కుదురుతారు. స్కూల్ పుస్తకాలు వాళ్లకు కొట్టినపిండి, పైగా తాము ఎక్కడ తడబడ్డారో ఇంకా గుర్తుంటుంది. ఉద్యోగం వస్తే వెళ్లిపోతారన్నది నిజమే. ఏడాది చెప్పి వెళ్లినా మీ అవసరం తీరుతుంది. స్కూల్లో పాఠం చెప్పే సార్‌నే ట్యూషన్ చెప్పమని మాత్రం అడగొద్దు. బడిలో పనిచేసే టీచర్లు ప్రైవేటు ట్యూషన్లు చెప్పకూడదని ఆ విద్యాహక్కు చట్టంలోనే ఉంది. ఆ సార్‌ను వేరేది అడగండి: పాపకు వచ్చే సందేహాలను బడి వేళల్లోనే పది నిమిషాలు కూర్చోబెట్టి చెప్పమనండి.

ఎవరైనా ఒకరు నచ్చితే రెండు రోజులు డెమో క్లాస్ అడగండి. ఆ గదిలోనే ఓ మూల కూర్చోండి. ఏం చూడాలో చెప్పాలంటే మా ఇంట్లో జరిగింది చెప్పాలి.

మా చెల్లెలి కూతురికి ట్యూషన్ వెతుకుతున్నప్పుడు నేనూ పక్కనే కూర్చున్నాను. బస్సు వెళ్లేటప్పుడు గంటకు 60 కిలోమీటర్ల వడితో వెళ్లింది, అదే దారిలో వచ్చేటప్పుడు 40తో వచ్చింది, సగటు వడి ఎంత? పిల్ల వెంటనే 50 అంది. మొదట వచ్చిన సార్ 'కాదు, 48. సూత్రం రాసుకో' అని బోర్డు మీద రాసేశాడు. పిల్ల రాసుకుంది. ఆయన వెళ్లాక అడిగితే 48 ఎలా వచ్చిందో చెప్పలేకపోయింది.

రెండో రోజు వచ్చిన అమ్మాయి డీఎస్సీకి చదువుతోంది. నేనే కావాలని అదే లెక్క అడిగించాను. మా పిల్ల మొదటి రోజు జవాబు మరిచిపోయి మళ్లీ 50 అనే అంది. ఆ టీచర్ తప్పనలేదు, ఒప్పనలేదు. '50 ఎలా వచ్చింది?' అని అడిగింది. 'రెండూ కూడి సగం చేశాను' అంది పిల్ల. 'సరే, ఊరు 120 కిలోమీటర్ల దూరం అనుకో. వెళ్లడానికి ఎన్ని గంటలు?' '2.' 'రావడానికి?' '3.' 'మరి ఏ వడితో ఎక్కువసేపు బస్సులో కూర్చున్నావు?' ఆ ప్రశ్న వేసి, పెన్నుకు మూత పెట్టి బల్ల మీద పెట్టేసింది. పిల్ల కాగితం వంక చూస్తూ ఉంది. చాలాసేపు. నాకే చెప్పేయాలనిపించింది, ఆమె మాత్రం నోరు మెదపలేదు. '40తో ఎక్కువసేపు ఉన్నా... అంటే 50 కంటే తక్కువ రావాలి కదా మేడం?' అంది పిల్ల మెల్లగా. తర్వాత రానూపోనూ 240ని 5 గంటలతో తనే భాగించి 48 అని రాసి, కింద రెండు గీతలు గీసింది.

మీరు చూడాల్సింది అదే. పిల్ల తప్పు చెప్పాక ఆ సార్, ఆ మేడం ఏం చేస్తారు? ఎలా వచ్చిందని అడుగుతారా, జవాబు చెప్పేసి ముందుకెళ్తారా? గంటలో పెన్ను ఎక్కువసేపు ఎవరి చేతిలో ఉంది? తెలియనిది అడిగితే 'రేపు చూసి చెబుతా' అనగలరా? డిగ్రీలు, అనుభవం వీటి తర్వాతే. మీ పాప విషయంలో ఇంకొకటి కూడా చూసుకోండి. తెలుగులో వివరించి, అదే విషయాన్ని చివర్లో ఇంగ్లీషులో రాయించేవాళ్లయితే చాలా మేలు. ప్రభుత్వ సైన్స్ పుస్తకాలు రెండు భాషల్లోనూ ఉంటాయి. తెలుగుది కూడా తెచ్చి పక్కన పెట్టండి. దాన్ని చూసి 'ఇదెందుకు, ఇంగ్లీషులోనే చదవాలి' అని విసుక్కునేవాళ్లు మీ పాపకు కుదరరు.

ముగ్గురు నలుగురు పిల్లలను మించని చోట కూర్చోబెట్టండి. నలుగురిలో మాటపడ్డ పిల్ల కాబట్టి మొదటి రెండు నెలలు ఒక్కదానికే చెప్పిస్తే ఇంకా మంచిది. ఫీజు నెలనెలా ఇవ్వండి, ఏడాదిది ఒకేసారి వద్దు. మీ ఇంట్లో అయితే ముందు గదిలో, తలుపు తీసి ఉంచి, మీరు ఇంట్లో ఉన్నప్పుడే. మెసేజ్‌లు మీ ఫోన్‌కే రావాలని మొదటి రోజే చెప్పేయండి. మంచివాళ్లెవరూ దీనికి నొచ్చుకోరు. ఎప్పుడైనా పిల్లకు ఇబ్బంది కలిగే ప్రవర్తన కనబడితే చైల్డ్ హెల్ప్‌లైన్ నంబరు 1098.

ఇక మీ వారి మాట. ఎండలో ఒళ్లు హూనం చేసుకుని పంపిన డబ్బుతో కూతురు బాగుపడాలనే ఆయన హాస్టల్ అంటున్నారు. 'మీకు అక్కడుండి ఏం తెలుస్తుంది' అని మాత్రం అనకండి, అన్నారంటే మాట అక్కడే తెగిపోతుంది. కడుపునొప్పి సంగతి, ఆ సార్ అన్న మాట ఆయనకు పూర్తిగా చెప్పారా? చాలామంది తల్లులు దూరంలో ఉన్న మనిషిని టెన్షన్ పెట్టడం ఎందుకని మార్కులు చెప్పి అసలు సంగతి దాచేస్తారు. మార్కులే తెలిసిన తండ్రికి హాస్టలే దారి అనిపించడంలో వింత లేదు. నా అభిప్రాయం అడిగితే, ఈ స్థితిలో హాస్టల్ వద్దు. ఇక్కడ కడుపునొప్పి అని చెప్పుకోవడానికి మీరున్నారు. అక్కడ ఎవరికి చెప్పుకుంటుంది? 16 ఏళ్లు నిండని పిల్లలను చేర్చుకోవద్దని కేంద్ర ప్రభుత్వం 2024 జనవరిలో కోచింగ్ సెంటర్లకు మార్గదర్శకాలు ఇచ్చింది కూడా పిల్లల మీద పడుతున్న ఒత్తిడి చూసే. ఆయనను మూడు నెలలు గడువు అడగండి. ఆ మూడు నెలలూ వీడియో కాల్‌లో 'ఎన్ని వచ్చాయి' అని కాకుండా 'ఈ వారం మేడంను ఏం అడిగావు' అని అడగమనండి. నాన్న అలా అడుగుతాడని తెలిస్తే పిల్ల ఒక ప్రశ్న దాచిపెట్టుకుంటుంది.

తర్వాతి ఎఫ్ఏలో 5 కాస్తా 15 అయిపోతుందని ఎదురుచూడకండి. మంచి టీచర్ అయితే మొదటి నెల బహుశా ఎనిమిదో తరగతి పాఠాలకు, భాగహారాలకు వెనక్కి వెళ్తారు. 'సిలబస్ ఎక్కడిదాకా వచ్చింది' అని వాళ్లను తొందరపెట్టకండి. ట్యూషన్ వేళకు కడుపునొప్పి రాకపోవడం, అర్థం కాలేదని పాప నోరు తెరిచి చెప్పడం, ఇవే మొదట కనబడతాయి. ట్యూషన్ మాన్పించాక కూడా రెండు మూడు వారాలు నిద్ర పట్టకపోయినా, అన్నం తినకపోయినా, బతకాలని లేదు లాంటి మాట ఒక్కసారి వచ్చినా ఆగకండి. 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ వాళ్లు డబ్బు తీసుకోకుండా తెలుగులోనే మాట్లాడతారు.

కొత్త సార్ వచ్చే ముందు రోజు రాత్రి పాపతో ఒక మాట అనండి: 'రెండు రోజులు విను. నీకు నచ్చకపోతే వద్దని చెప్పు, ఎందుకని అడగను.' ఆ తర్వాత పాప నిజంగానే వద్దందనుకోండి, ఆ సార్ మీకు ఎంత నచ్చినా, ఫీజు తక్కువైనా, ఆయనకు నమస్కారం పెట్టి పంపించేసి ఇంకొకరిని వెతకండి.