మూడు రోజుల్లో పది నిమిషాల షార్ట్ ఫిల్మ్ తీయడానికి ఎలా సిద్ధం కావాలి?

ఒక మామూలు కెమెరా, నలుగురు మిత్రులు, మూడు రోజుల వ్యవధి మాత్రమే ఉన్నప్పుడు పది నిమిషాల షార్ట్ ఫిల్మ్ ఎలా తీయాలని మీరు అడిగారు. విద్యార్థిగా ఉన్నప్పుడు నేను అలాంటివి రెండు తీశాను. మొదటిది ఎవరికీ చూపించలేని విధంగా తయారైంది. ఈ జవాబులో ఎక్కువ భాగం దాని పుణ్యమే.

స్క్రిప్టులో ఒక పేజీ తెర మీద సుమారు ఒక నిమిషమవుతుందని సినిమావాళ్లు లెక్క వేస్తారు. మేము పదహారు పేజీలు రాసుకుని, ఎలాగోలా పది నిమిషాల్లో సర్దవచ్చుననుకున్నాము. మీరు ఆ పని చేయకండి. కథ రాసుకున్న తరువాత స్థలం కోసం తిరగడం కంటే, అనుమతి సులువుగా దొరికే ఒకటి రెండు చోట్లు ముందు చూసుకుని, వాటిలో ఇమిడే కథ రాసుకోవడం మేలు.

ఆ తరువాత షాట్ డివిజన్ చేసుకోవాలి, అంటే ప్రతి సన్నివేశాన్ని ఏయే షాట్లుగా తీయాలో ముందే విడగొట్టి రాసుకోవాలి. షాట్లను కథ నడిచే వరుసలో కాక, కెమెరా ఒకే చోట, ఒకే దిక్కుగా ఉండేవన్నీ ఒకచోట చేర్చి తీయాలి. మేము మొదటిసారి ఇద్దరి సంభాషణను వరుసగానే తీస్తూ, ఒకరి మాట పూర్తి కాగానే కెమెరానూ లైట్లనూ అటు తిప్పి, రెండోవారి జవాబు కాగానే మళ్లీ ఇటు తిప్పి, పూటంతా గడిపేసరికి కిటికీ వెలుగు మారిపోయి, ఎడిటింగులో ఒకరు పొద్దున మాట్లాడితే ఇంకొకరు సాయంత్రం జవాబిచ్చినట్లు కనిపించింది. ఇద్దరి మధ్య ఒక గీత ఉందని ఊహించుకుని, కెమెరాను దానికి ఒకే పక్కన ఉంచడం కూడా మరవకండి. గీత దాటితే ఎదురెదురుగా ఉన్నవారు కూడా ఒకే వైపు చూస్తున్నట్లు ఉంటారు.

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ శబ్దం మీద పెట్టమంటాను. బొమ్మ కొంచెం మసకగా ఉన్నా ప్రేక్షకుడు సర్దుకుంటాడు గానీ, మాట అర్థం కాకపోతే సర్దుకోడు. కెమెరాలో ఉండే మైకు నటుడికి దూరంగా ఉండి గది హోరునంతా పట్టేస్తుంది కనుక, వేరే మైకు లేకపోతే ఒక ఫోనును రికార్డింగులో పెట్టి, ఫ్రేములోకి రాకుండా నటుడికి వీలైనంత దగ్గరగా ఉంచి, ప్రతి టేకు మొదట్లో కెమెరాకు కనిపించేలా ఒకసారి చప్పట్లు కొట్టండి. ఎడిటింగులో బొమ్మనూ శబ్దాన్నీ కలపడానికి ఆ చప్పుడే ఆధారం. ఫ్యాను, ఫ్రిజ్ తప్పనిసరిగా ఆపాలి. ఫ్రిజ్ ఆపినప్పుడు మీ బండి తాళంచెవి దానిలో పెట్టారంటే, వెళ్లేటప్పుడు దాన్ని మళ్లీ ఆన్ చేయడం మరిచిపోరు. ప్రతి చోటా అందరూ నిశ్శబ్దంగా నిలబడి, అర నిమిషం పాటు ఖాళీ గది శబ్దాన్ని కూడా రికార్డు చేసుకోండి. సంభాషణలో కోతలు వేసినచోట వచ్చే వెలితిని పూడ్చేది అదే.

లైట్లు మినుకుమినుకుమంటే, కరెంటు 50 హెర్ట్జ్ ఉన్నచోట కెమెరా షటర్ వేగాన్ని సెకనులో 1/50 వంతు దగ్గర, 60 హెర్ట్జ్ ఉన్నచోట 1/60 దగ్గర పెట్టి చూడండి. తీసినదాన్ని రెండు చోట్ల కాపీ చేయకుండా మెమరీ కార్డు చెరపవద్దు.

మూడో రోజు మధ్యాహ్నం తరువాత ఏ సన్నివేశమూ పెట్టుకోకండి. మా రెండో చిత్రానికి అలా మిగిలిన పూటలో తీసింది తలుపు గొళ్లెం వేస్తున్న చేతి క్లోజప్ ఒక్కటే. అది లేకపోతే రెండు సన్నివేశాలు అతికేవి కావు.