నారు పోసేది చిన్న కాలేజీలు, కోత కోసుకునేది పెద్ద కాన్ఫరెన్సులు

“అమెరికా కాలేజ్ ఫుట్‌బాల్‌లో పెద్ద కాన్ఫరెన్సులకీ చిన్నవాటికీ మధ్య దూరం ఇంత పెరిగాక, చిన్న కాలేజీలు విడిగా తమ లీగ్ తాము పెట్టుకుంటే పోదా? ఎలాగూ గెలవరు కదా?” అని మీరు అడిగారు. కాన్ఫరెన్సు అంటే ఏటా తమలో తాము ఆడుకునే కాలేజీల గుంపు.

ఆ “ఎలాగూ గెలవరు కదా” దగ్గరే నేను ఆగిపోయాను. 2024 సెప్టెంబర్ 7న మా ఇంట్లో ఏం జరిగిందో ముందు చెప్తాను. తర్వాత మీ ప్రశ్నకి వస్తాను.

ఆ రోజు శనివారం, వినాయక చవితి. మేముండేది షికాగోకి పడమర పక్క అరోరాలో. మిర్యాలగూడ నుంచి అమ్మ వచ్చి ఉంది కాబట్టి పూజ పద్ధతిగా జరిగింది. పత్రికి పెరట్లో దొరికిన ఆకులే కోసుకొచ్చి పెట్టాం. కథ చదివి అక్షింతలు వేసుకునేసరికి పన్నెండున్నర దాటింది. భోజనాలకి నాతో డీకాల్బ్‌లో చదువుకున్న ఇద్దరు ఫ్రెండ్స్ పిల్లాపాపలతో వచ్చారు. రెండున్నరకి ఎన్‌బీసీలో మ్యాచ్. మేం చదివిన నార్తర్న్ ఇల్లినాయిస్ యూనివర్సిటీ సౌత్ బెండ్ వెళ్లి నోటర్ డేమ్ యూనివర్సిటీతో ఆడుతోంది.

నోటర్ డేమ్ అప్పుడు దేశంలో 5వ ర్యాంకు. ముందు వారమే టెక్సస్ ఏ అండ్ ఎమ్‌ని వాళ్ల గ్రౌండ్‌లోనే ఓడించింది. ఆ స్టేడియంలో 77 వేల మంది పడతారు. మాది కిక్కిరిసినా ఇరవై మూడు వేల చిల్లర. పందేలవాళ్ల లెక్క ప్రకారం మేం 28 పాయింట్ల తేడాతో ఓడిపోవాలి. అసలు ఆ మ్యాచ్ ఆడటానికి రమ్మని నోటర్ డేమ్ మాకు 14 లక్షల డాలర్లు ఇచ్చింది, అంటే దాదాపు పన్నెండు కోట్ల రూపాయలు. ఈ పద్ధతి ఎప్పటి నుంచో ఉంది. పెద్ద టీమ్ సీజన్ మొదట్లో సొంత గ్రౌండ్‌లో తేలిగ్గా గెలిచే మ్యాచ్ ఒకటి డబ్బు పెట్టి కొనుక్కుంటుంది. చిన్న టీమ్ వెళ్లి, దెబ్బలు తిని, చెక్కు తీసుకుని బస్సెక్కుతుంది. ఆ చెక్కుతో మిగతా ఆటల ఖర్చులు కొన్ని గడుస్తాయి.

అమ్మ సోఫాలో నా పక్కన కూర్చుని అడిగింది, “మనవాళ్లెవర్రా?” అని.

“బంగారు టోపీలు పెట్టుకున్నవాళ్లు కాదమ్మా, రెండోవాళ్లు.”

“బంగారు టోపీలవాళ్లే గట్టిగా ఉన్నారు చూడటానికి.”

మొదట్లోనే మా క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపేవాడు) ఈథన్ హాంప్టన్ విసిరిన బంతి పట్టుకుని ఆంటారియో బ్రౌన్ 83 యార్డుల టచ్‌డౌన్ (బంతితో అవతలి గీత దాటడం) కొట్టాడు. ఇంట్లో అరుపులకి చిన్న పిల్లాడు ఉలిక్కిపడి లేచాడు. సగం ఆట అయ్యేసరికి మేం 13-7తో ముందున్నాం. అప్పటికీ మాలో ఎవరికీ నమ్మకం లేదు. చిన్న టీమ్ మనిషికి సగం ఆట దాకా ముందుండటం అలవాటే, తర్వాత వాళ్ల దగ్గర మార్చి మార్చి దింపడానికి మనుషులుంటారు, మన దగ్గర ఉండరు. అనుకున్నట్టే మూడో క్వార్టర్‌లో 14-13 అయింది.

ఇంకా ఆరు నిమిషాల లోపే ఉందనగా మావాడొకడు వాళ్ల పాస్‌ని మధ్యలో అందుకున్నాడు. అక్కడి నుంచి కంగారు పడకుండా కాస్త కాస్తగా ముందుకి నెట్టుకుంటూ పోయారు. గడియారంలో అర నిమిషం మిగిలి ఉండగా 35 యార్డుల ఫీల్డ్ గోల్‌కి నిలబడ్డారు. బంతిని తన్ని రెండు స్తంభాల మధ్యలోంచి పంపితే మూడు పాయింట్లు. మా ఆవిడ ఉండ్రాళ్ల గిన్నెతో వస్తూ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. అమ్మకి ఆట అర్థం కాకపోయినా నా ముఖం చూసి విషయం తెలిసింది, నా మణికట్టు పట్టుకుంది. కానన్ వుడ్‌యార్డ్ తన్నాడు. బంతి రెండు స్తంభాల మధ్యలోంచి వెళ్లింది. 16-14, ఇంకా 31 సెకన్లు. ఆఖర్న నోటర్ డేమ్ 62 యార్డుల నుంచి ఒక ప్రయత్నం చేసింది. మావాడు దాన్ని అడ్డుకున్నాడు. అయిపోయింది. మా మ్యాక్ (మిడ్-అమెరికన్) కాన్ఫరెన్సు టీమ్ ఏదైనా మొదటి ఐదు ర్యాంకుల్లో ఉన్న టీమ్‌ని ఓడించడం చరిత్రలో అదే మొదటిసారి.

నాకు స్కోరు కంటే ఆ తర్వాతి రెండు నిమిషాలే ఎక్కువ గుర్తు. మా కోచ్ థామస్ హామక్ ముందు మైక్ పెట్టారు. ఆయనకి మాట రావడం లేదు, కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. ఆయన అదే కాలేజీలో ఆడినవాడు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో, అంటే ప్రొఫెషనల్ లీగ్‌లో, ఉద్యోగం వదులుకుని 2019లో డీకాల్బ్ తిరిగొచ్చినవాడు.

“గెలిచాడు కదా, ఎందుకురా ఏడుస్తున్నాడు?” అంది అమ్మ. నాకూ గొంతు పూడుకుపోయి చెప్పలేకపోయాను. మా ఫ్రెండే చెప్పాడు: “ఆంటీ, కూలి ఇస్తాం, వచ్చి ఓడిపోయి వెళ్లండి అని పిలిచారు. వీళ్లు గెలిచారు, కూలీ తెచ్చుకున్నారు.”

“మంచి పని చేశారు,” అంది అమ్మ.

ఇది నేను ఎందుకింత పట్టించుకుంటానో కూడా చెప్పాలి. నేను ఎంఎస్‌కి డీకాల్బ్ వెళ్లింది 2012 ఆగస్టులో. చుట్టూ మొక్కజొన్న చేలు, మధ్యలో యూనివర్సిటీ. మన పిల్లలు రెండేళ్లు అక్కడే ఉండి లైబ్రరీ, అపార్ట్‌మెంట్, ఇండియన్ గ్రోసరీ తప్ప ఏమీ చూడకుండా వెళ్లిపోతారు. స్టేడియం నడిచి వెళ్లేంత దూరంలో ఉంటుంది, ఒక్కసారి లోపలికి అడుగు పెట్టరు. నాకిది చాలా బాధగా ఉంటుంది. ఉన్న ఊరితో రెండేళ్లలో ఏర్పడాల్సిన చుట్టరికం ఒకటుంటుంది కదా! ఇండియాలో బంధువులేమో “ఆ యూనివర్సిటీ ర్యాంకెంత?” అని తప్ప ఇంకో మాట అడగరు.

నన్ను నవంబర్‌లో ఒక బుధవారం రాత్రి నల్గొండ రూమ్మేట్ ఒకడు లాక్కెళ్లాడు, టొలీడోతో మ్యాచ్‌కి. బుధవారం ఎందుకంటే శనివారాలు టీవీలో పెద్దవాళ్లవి. మ్యాక్ టీమ్‌లకి నవంబర్‌లో మంగళ, బుధవారాలు వదిలిపెడతారు. మర్నాడు క్లాసులున్న పిల్లలు, పొద్దున్నే డ్యూటీకి వెళ్లాల్సిన ఊరివాళ్లు గడ్డకట్టే చలిలో కూర్చుని చూడాలి. స్టేడియం ఖాళీగా కనిపిస్తే “వీళ్లకి జనమే లేరు” అని మళ్లీ టీవీవాళ్లే అంటారు. ఆ రాత్రి నా వేళ్లు మొద్దుబారిపోయాయి, పక్క సీటులోని ముసలాయన తన ఫ్లాస్క్‌లోంచి వేడి చాక్లెట్ మూతలో పోసి ఇచ్చాడు. ఆయన ముప్ఫై ఏళ్లుగా అదే సీటులో కూర్చుంటున్నాడట. మా టీమ్ పేరు హస్కీస్. నేను హస్కీని అయింది అప్పుడే.

ఆ ఏడు మేం మొదటి మ్యాచ్ అయోవాతో ఒక్క పాయింటు తేడాతో ఓడి, తర్వాత పన్నెండు వరసగా గెలిచి సీజన్ చివర్లో జరిగే పెద్ద మ్యాచ్ ఆరెంజ్ బౌల్‌కి వెళ్లాం. టీవీలో కూర్చున్న పెద్దమనుషులు “వీళ్లకి అక్కడ చోటేమిటి?” అన్నారు. కాన్ఫరెన్సు ఫైనల్ గెలిచిన రెండు రోజుల్లోపే మా కోచ్ డేవ్ డోరెన్‌ని నార్త్ కరోలినా స్టేట్ తీసుకెళ్లింది. ఆరెంజ్ బౌల్‌లో ఫ్లోరిడా స్టేట్ చేతిలో 31-10తో ఓడిపోయాం.

ఇక మీరడిగిన దూరం సంగతి. ఆటలో తేడా ఎప్పుడూ ఉంది, దానికి నేనేమీ అనను. ఇప్పుడు మారింది వేరే. మా నాన్న వరి వేసేవాడు, నారుమడి ఎంత కష్టమో నాకు తెలుసు. విత్తనం మండె కట్టి, చల్లి, నీళ్లు పెట్టి, పిట్టల్ని తోలి పెంచితే తప్ప నారు చేతికి రాదు. కష్టం ఒకడు పడి, నాటుకి వచ్చాక ఇంకొకడు పీక్కుపోతే ఎలా ఉంటుంది? చిన్న కాన్ఫరెన్సుల పరిస్థితి అచ్చంగా ఇదే. 2012లో కోచ్ ఒక్కడే వెళ్లాడు. ఇప్పుడు మడి మడంతా ఖాళీ అవుతోంది.

ఎందుకంటే, అప్పట్లో కుర్రాడు కాలేజీ మారితే ఒక ఏడాది ఆడకుండా కూర్చోవాలి. 2021లో ఆ అడ్డు మొదటిసారి మారేవాళ్లకి తీసేశారు, 2024కి అందరికీ తీసేశారు. అదే 2021 జులై నుంచి ఆటగాళ్లు తమ పేరు మీద డబ్బు సంపాదించుకోవచ్చన్నారు. 2025 జూన్‌లో కోర్టు సెటిల్‌మెంట్‌తో కాలేజీలే నేరుగా ఆటగాళ్లకి ఇవ్వొచ్చు, మొదటి ఏడాది పరిమితి 2 కోట్ల 5 లక్షల డాలర్లు. పిల్లలకి డబ్బు రావడం న్యాయం, ఇంకా ముందే రావాల్సింది. కానీ ఆ పరిమితి దాకా ఇవ్వగలిగింది ఎవరు? పెద్ద కాన్ఫరెన్సుల్లో ఒకటైన బిగ్ టెన్‌లో పాత సభ్యులకి కాన్ఫరెన్సు నుంచే ఏడాదికి 6 కోట్ల డాలర్లకి పైన వస్తోంది. మ్యాక్‌లో టీవీ ఒప్పందం కింద ఒక్కో కాలేజీకి పది లక్షల డాలర్లు కూడా రావు. చాలా చిన్న యూనివర్సిటీల్లో టీమ్ ఖర్చులో పెద్ద భాగం విద్యార్థుల ఫీజుల నుంచే వెళ్తుంది.

2026 నుంచి ప్లేఆఫ్ (జాతీయ ఛాంపియన్‌ని తేల్చే మ్యాచ్‌లు) డబ్బు పంపకం చూడండి. ఏడాదికి 130 కోట్ల డాలర్లు. బిగ్ టెన్‌కి 29 శాతం, ఇంకో పెద్ద కాన్ఫరెన్సు ఎస్‌ఈసీకి 29 శాతం. చిన్న కాన్ఫరెన్సులన్నిటికీ కలిపి 9. ఇదివరకటి ఒప్పందంలో చిన్నవాళ్ల వాటా 20 శాతం పైన ఉండేది. పిల్లలు ఆడటం మానేశారా, జనం చూడటం మానేశారా? బల్ల దగ్గర కూర్చుని కొందరు తీసుకున్న నిర్ణయం ఇది. దీన్ని “సహజంగా పెరిగిన దూరం” అంటే నేను ఒప్పుకోను.

హాంప్టన్ సంగతే చూడండి. నోటర్ డేమ్‌ని ఓడించిన క్వార్టర్‌బ్యాక్ ఆ సీజన్ అవగానే అదే రాష్ట్రంలో బిగ్ టెన్‌లో ఉన్న ఇల్లినాయిస్‌కి వెళ్లాడు. అక్కడ అతను రెండో క్వార్టర్‌బ్యాక్. మా దగ్గర మొదటివాడు, వాళ్ల దగ్గర బెంచి మీద. అతన్ని తప్పుపట్టను, ఆ వయసులో నేనైనా వెళ్లేవాణ్ణే. ఒక పెద్ద టీమ్ బెంచి కోసం ఒక చిన్న టీమ్ మొత్తం కూలిపోతోందన్నది నా బాధ. 2025లో మావాళ్లు 3 గెలిచి 9 ఓడారు.

జేమ్స్ మాడిసన్ అనే చిన్న యూనివర్సిటీది ఇంకా పెద్ద కథ. 2023 సీజన్ తర్వాత అక్కడి కోచ్ కర్ట్ సిగ్నెట్టి బిగ్ టెన్‌లోని ఇండియానాకి వెళ్తూ పదిమందికి పైగా ఆటగాళ్లని వెంట తీసుకెళ్లాడు. రెండేళ్లకి ఇండియానా జాతీయ ఛాంపియన్. ఆ 2025 ప్లేఆఫ్‌లో జేమ్స్ మాడిసన్, ఇంకో చిన్న కాన్ఫరెన్సు కాలేజీ టులేన్ రెండూ ఉన్నాయి, రెండూ మొదటి మ్యాచ్‌లోనే ఓడాయి. అందరూ “చూశారా, వీళ్లు తగరు” అన్నారు. ఆ రెండు టీమ్‌ల కోచ్‌లనీ మ్యాచ్‌కి ముందే పెద్ద కాలేజీలు తీసేసుకున్నాయన్న మాట మాత్రం ఎవరూ గట్టిగా అనలేదు.

పెద్దలన్నా క్షేమంగా ఉన్నారా అంటే అదీ లేదు. వందేళ్లు దాటిన పాక్-12 కాన్ఫరెన్సు నుంచి 2024కి పది కాలేజీలు వేరే పెద్ద కాన్ఫరెన్సులకి వెళ్లిపోయాయి, ఒరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ రెండే మిగిలాయి. ఇవాళ లాస్ ఏంజిలిస్‌లో చదివే వాలీబాల్ అమ్మాయి కాన్ఫరెన్సు మ్యాచ్‌కి న్యూజెర్సీ ఎగిరి వెళ్లాలి. ఫుట్‌బాల్ టీవీ డబ్బు కోసం ఆ పిల్ల నిద్ర, ఆ పిల్ల పరీక్షలు పణంగా పెట్టారు. దీని గురించి రాస్తే ఇంకో రోజు పడుతుంది.

కాబట్టి విడిగా లీగ్ పెట్టుకోండి అనే సలహా నాకు నచ్చదు. విడిగా పెట్టుకుంటే ఆ 14 లక్షల చెక్కూ ఉండదు, సౌత్ బెండ్ సాయంత్రమూ ఉండదు. మేం ఆ తర్వాతి మ్యాచ్‌లోనే సొంత ఊళ్లో బఫలో చేతిలో ఓడిపోయాం, నిజమే. నోటర్ డేమ్ మా చేతిలో ఓడి కూడా ఫైనల్ దాకా వెళ్లింది, అదీ నిజమే. అయినా ఆ ఒక్క సాయంత్రం జరిగే వీలుండటం కోసమే నేను ఈ ఆట చూస్తాను. చేయాల్సింది డబ్బు పంపకం సరిచేయడం. పెద్ద కాలేజీ ఒక కుర్రాణ్ణి తీసుకెళ్తే, వాణ్ణి పెంచిన చిన్న కాలేజీకి ఇంత అని కట్టాలి. ప్రపంచమంతా ఆడే సాకర్‌లో ఆటగాణ్ణి చిన్నప్పుడు తయారుచేసిన క్లబ్బులకి వాటా ఇచ్చే పద్ధతి ఉంది. అక్కడ వీలైంది ఇక్కడ ఎందుకు వీలుకాదు?

మా వాళ్లు కూడా 2026 జులై నుంచి ఫుట్‌బాల్‌కి మ్యాక్ వదిలి మౌంటెన్ వెస్ట్ కాన్ఫరెన్సుకి వెళ్తున్నారు. మెరుగైన డబ్బు కోసమే. నాకు మనసొప్పలేదు. టొలీడోతో, బాల్ స్టేట్‌తో ఏళ్లుగా ఉన్న పోటీ వదిలి ఎక్కడో కొండల అవతలి టీమ్‌లతో ఆడాలి.

2025 చవితికి అమ్మ మిర్యాలగూడలోనే ఉంది. పూజ అయ్యాక వీడియో కాల్ చేసింది. పిల్లలతో మాట్లాడి, “ఇవాళ మీ వాళ్ల ఆట లేదా?” అంది.

“శనివారం ఉందమ్మా.”

“పోయినేడు మొదట్లోనే దూరంగా విసిరాడే, ఆ పిల్లాడు ఆడతాడా?”

“లేదమ్మా, వేరే కాలేజీకి వెళ్లిపోయాడు.”

“ఆ పెద్దవాళ్ల మీద గెలిపించిన పిల్లాణ్ణి ఎట్లా పంపించారురా?” అని అడిగింది.