యోసు, టోంగ్‌యోంగ్ ఫోటోలు కలిసిపోయాయా? స్తంభాలు లెక్కపెట్టండి

కొరియా ట్రిప్‌లో చూసిన రెండు పాత చెక్క మండపాల ఫోటోలు కలిసిపోయాయనీ, 16వ శతాబ్దపు కొరియా నౌకాసేనాని యీ సున్‌సిన్ కూర్చుని పనిచేసింది ఏదో తేలడం లేదనీ రాశారు. టెన్షన్ వద్దు, తేడా తేలిగ్గానే దొరుకుతుంది.

ముందువైపు స్తంభాల మధ్య ఖాళీలు లెక్కపెట్టండి. 15 ఉంటే యోసులోని జిన్నమ్‌గ్వాన్, 9 ఉంటే టోంగ్‌యోంగ్‌లోని సెబ్యోంగ్‌గ్వాన్. రెండింటికీ గోడలు లేవు కాబట్టి పక్కనుంచి తీసిన ఫోటోలో పొరబడటం సహజమే. లోపల నడిమధ్య నేల ఒక మెట్టు ఎత్తుగా కనిపిస్తే అది సెబ్యోంగ్‌గ్వానే. రాజుకు గుర్తుగా ఉంచే ఫలకానికి అధికారులు అక్కడ మొక్కేవారు.

ఇక అసలు ప్రశ్న. యీ సున్‌సిన్ ఈ రెండింటిలో దేనిలోనూ కూర్చోలేదు. ఆయన జపాన్ దండయాత్రను ఎదిరిస్తూ నోర్యాంగ్ సముద్ర యుద్ధంలో 1598లో మరణించారు. యోసులో ఆయన ముఖ్య కార్యాలయం జిన్హేరు అనే భవనం, ఆ దండయాత్ర కాలంలోనే కాలిపోయింది. ఆ స్థలంలోనే 1599లో జిన్నమ్‌గ్వాన్ కట్టారు. అదీ తర్వాత తగలబడితే 1718లో మళ్లీ లేపారు, మీరు చూసింది దాన్నే. సెబ్యోంగ్‌గ్వాన్ 1600ల మొదట్లోది.

అందుకే ఫోటో కింద ‘యీ సున్‌సిన్ కార్యాలయం’ అని కాకుండా, ‘ఆయన కార్యాలయం ఉన్న చోట వెలసిన మండపం’ అని రాయండి. ఆయన చనిపోయిన ఏడాదికే అదే నేల మీద నౌకాదళం మళ్లీ నిలబడటం, నా దృష్టిలో, అంతకన్నా గొప్ప విషయం.