‘ఏడేడు జన్మలకూ నువ్వే’ అని ఉంగరం లోపల ఫ్రెంచ్‌లో ఎలా చెక్కించాలి?

పదో పెళ్లిరోజుకి మీ ఆవిడకు ఇచ్చే ఉంగరం లోపల ‘ఏడేడు జన్మలకూ నువ్వే’ అని ఫ్రెంచ్‌లో రాయించాలనుకున్నారు. ఫోన్‌లో అనువాదం చేస్తే ‘త్వా పూర్ సెత్ వీ’ అని వచ్చింది, సరిగ్గానే ఉందా అని అడిగారు.

దయచేసి అది చెక్కించకండి. వ్యాకరణంలో తప్పేం లేదు. ‘సెత్ వీ’ అంటే ఏడు జీవితాలు. ఆ మాట వింటే మనకు ఏడడుగులు గుర్తొస్తాయి, ఫ్రెంచ్ వాళ్లకి పిల్లి గుర్తొస్తుంది. ఎంత ఎత్తు నుంచి పడ్డా బతికే పిల్లికి ఏడు ప్రాణాలుంటాయని అక్కడ నానుడి. జన్మజన్మల బంధం అనే ఊహ వాళ్ల ప్రేమ మాటల్లో అంతగా కనిపించదు. మీ మాటలోని జన్మల లెక్క వదిలేసి, అందులోని ‘ఎప్పటికీ’ ఒక్కటీ ఫ్రెంచ్‌లోకి తీసుకెళ్లండి.

నేను ఫ్రాన్స్‌లోని లియోన్ నగరంలో మూడేళ్లు ఉద్యోగం చేశాను. పెళ్లికి సెలవు మీద వచ్చినప్పుడు హైదరాబాద్‌లో ఒక షాపులో ఉంగరం చేయించి, లోపల ‘త్వా ఎ మ్వా, ఆ జమే’ అని రాయమన్నాను. ‘నువ్వూ నేనూ, ఎప్పటికీ’ అని అర్థం. అన్నీ పెద్ద అక్షరాల్లో టైప్ చేసి వాట్సాప్‌లో పంపాను. ఇందులో ‘ఆ’ అనేది ఒంటరిగా ఉండే ఇంగ్లిష్ ‘ఏ’ (A) అక్షరం, దాని నెత్తిన ఎడమ నుంచి కుడికి దిగే చిన్న గీత ఉంటుంది. వాళ్ల మెషీన్ ఫాంట్‌లో గీత ఉన్న అక్షరం లేదు. మెషీన్ దాన్ని పూర్తిగా వదిలేసి మిగతాది చెక్కేసింది. అంటే మిగిలింది ‘త్వా ఎ మ్వా, జమే’. ఒంటరిగా ‘జమే’ అంటే ‘ఎన్నటికీ కాదు’.

మాకెవరికీ తెలియలేదు. ఆ ఉంగరంతోనే పెళ్లి జరిగింది. నాలుగు నెలల తర్వాత లియోన్‌లో మా ఇంటి ఓనరమ్మ, పెద్దావిడ, ముచ్చటపడి ఉంగరం తీసి చూపించమంది. కళ్లద్దాలు పెట్టుకుని చదివి, ఒక నిమిషం ఏమీ అనలేదు. ‘ఇది ఎవరు రాశారమ్మా?’ అని మెల్లగా అడిగింది. ఆ రాత్రి మా ఆవిడకి విషయం చెప్పడానికి నాకు నోరు రాలేదు. చెప్పాక తను ఉంగరం తీసేసి బీరువాలో పెట్టింది. మళ్లీ ఇండియా వచ్చి సరిచేయించేదాకా దాన్ని పెట్టుకోలేదు. లోపల అరగదీసి మళ్లీ రాశారు, ఉంగరం కాస్త పల్చబడింది. మన దగ్గర హాల్‌మార్క్ ముద్ర, ప్రతి నగకీ విడిగా ఇచ్చే ఆరు అక్షరాల గుర్తింపు కోడ్ హెచ్‌యూఐడీ కూడా లోపలివైపే ఉంటాయి కాబట్టి అరగదీసేటప్పుడు అవి పోకుండా చూసుకోవాలి.

అందుకే మీకు నేను చెప్పేది ‘ఆ త్వా పూర్ తూజూర్’. ‘ఎప్పటికీ నీవాణ్ణి’ అని. ఫ్రెంచ్ వాళ్లు నిజంగా రాసుకునే మాట ఇది. దీనికి ఇంకో మంచి గుణం ఉంది. పొరపాటున మొదటి అక్షరం ఎగిరిపోయినా ‘త్వా పూర్ తూజూర్’ మిగులుతుంది, దానికి ‘నువ్వే ఎప్పటికీ’ అనే అర్థం. ఫ్రెంచ్ రాతలో ఖాళీలతో కలిపి 19 అక్షరాలు. ఫ్రాన్స్‌లో ఉంగరం సైజు 52 అంటే లోపలి చుట్టుకొలత 52 మిల్లీమీటర్లు. హాల్‌మార్క్‌కి చోటు పోగా ఇంతకంటే పొడవైన వాక్యం పెడితే అక్షరాలు మరీ చిన్నవైపోతాయి.

‘నువ్వే’లోని ఆ ఒత్తు కావాలంటే ‘త్వా సల్, ఆ జమే’ (‘నువ్వు మాత్రమే, ఎప్పటికీ’) కూడా అందంగా ఉంటుంది, కానీ ఆ ‘సల్’ ఆడవాళ్లకి రాసేటప్పుడు చివర ఇంగ్లిష్ ‘ఈ’ (E) అక్షరం పడాలి. మగవాళ్లకి అది ఉండదు. పలకడంలో తేడా తెలియదు, రాతలో తెలుస్తుంది. అలాగే ‘మీరు’ అని తెలుగులో టైప్ చేసి అనువదిస్తే ‘వూ’ వస్తుంది. మనిళ్లలో భార్యాభర్తలు ‘మీరు’ అనుకోవడం మామూలే, ఫ్రెంచ్‌లో మాత్రం ఉంగరం మీద ఆ మాట దూరంగా వినిపిస్తుంది.

అనువాదం కాకుండా అక్కడే పుట్టిన మాట కావాలంటే ఒకటుంది. రోజ్‌మోండ్ జెరార్ అనే కవయిత్రి తన భర్త, నాటకకర్త ఎడ్మోన్ రోస్తాన్ కోసం రాసిన కవితలో ‘నిన్నటికన్నా ఎక్కువ, రేపటికన్నా తక్కువ’ ప్రేమిస్తున్నానంటుంది. 1907లో లియోన్ నగల వ్యాపారి ఒకాయన దాన్ని పతకం మీద ప్లస్, మైనస్ గుర్తులతో చెక్కాడు. నాకు ఎంతో ఇష్టమైన మాట, కానీ వేల మెడల్లో ఉన్న మాట. పదేళ్ల మీ కాపురానికి మీ సొంత మాటే బాగుంటుందని నాకనిపిస్తుంది.

షాపుకి టైప్ చేసి పంపకండి. గీతలతో సహా పీడీఎఫ్ చేసి ఇవ్వండి, చెక్కే ముందు మెషీన్ స్క్రీన్ మీద కనిపించే వాక్యాన్ని ఫోటో తీయించుకుని అక్షరం అక్షరం పోల్చండి. పెద్ద అక్షరాలకు గీత అక్కర్లేదని ఎవరన్నా అంటే ఒప్పుకోకండి. ఫ్రెంచ్ భాషకు పెద్ద దిక్కైన ఫ్రెంచ్ అకాడమీయే ఉండాలంటుంది. ఆ ఫోటో నాకూ పంపండి, మా ఓనరమ్మకి ఫార్వర్డ్ చేసి చదివించి చెప్తాను.