కాల్షియం బాటిల్ అంత నెమ్మదిగా ఎందుకు ఎక్కిస్తారు?

ప్రశ్న: మా బర్రె ఈనిన రెండో రోజు లేవలేక పడిపోయింది. మెడ డొక్క వైపు తిప్పుకొని పడుకుంది, చెవులు చల్లబడ్డాయి. డాక్టర్ గారు ఒక్క కాల్షియం బాటిల్‌కు ఇరవై నిమిషాలు తీసుకున్నారు. మధ్యలో రెండుసార్లు ఆపి గుండె విన్నారు. తర్వాత బర్రె లేచి నిలబడింది. పక్క ఊళ్లో ఒకరు ఇదే మందు గబగబా ఎక్కిస్తే సూది తీయకముందే పశువు చనిపోయింది. కాల్షియం ఎముకలకు కదా, గుండెకేం సంబంధం? ఇంట్లో ఇంకో బాటిల్ ఉంది, మళ్లీ పడిపోతే నేనే ఎక్కించొచ్చా?
– ఒక రైతు, హాలియా, నల్లగొండ జిల్లా

జవాబు: వద్దు. రక్తనాళంలోకి మీరు ఎక్కించే పని పెట్టుకోవద్దు.

మీ బర్రెకు వచ్చింది పాల జ్వరం. పేరుకే జ్వరం, ఒళ్లు మాత్రం చల్లబడుతుంది. ఈ పేరు పెట్టినవాళ్లు థర్మామీటర్ పెట్టి చూసినట్టు లేదు! లీటరు ముర్రుపాలతో 2 గ్రాముల దాకా కాల్షియం బయటికి పోతుంది. పెద్ద పశువు రక్తంలో ఉండేదే 3 గ్రాముల సుమారు. ఎముకల్లో కిలోల కొద్దీ ఉన్నా అది కరిగి రావడానికి టైం పడుతుంది. ఈలోగా నరాల ఆజ్ఞ కండలకు సరిగా అందక పశువు కూలబడుతుంది.

గుండె సంగతి వేరు. కాలి కండ తనకు కావలసిన కాల్షియాన్ని కణాల లోపలి సంచుల్లోనే దాచుకుంటుంది. గుండె కణాల్లోనూ సంచులున్నాయి గానీ, వాటి మూతి తెరుచుకోవాలంటే కొట్టుకున్న ప్రతిసారీ బయటి నుంచి కాస్త కాల్షియం లోపలికి రావాలి. అప్పుడు సంచుల్లోది బయటపడి, గుండె కండలోని సన్నని పోగుల మీదున్న అడ్డు తొలగిస్తుంది. లావు పోగులు వాటిని పట్టి లాగుతాయి, బావిలో చేంతాడు చేదినట్టు. గుండె ముడుచుకుంటుంది. ఆ వెంటనే కాల్షియం వెనక్కి పోవాలి, పోతేనే గుండె వదులై రక్తంతో నిండుతుంది. కాల్షియం తగ్గితే గుండె ముడుచుకునే బలం తగ్గుతుంది. పాల జ్వరంలో గుండె చప్పుడు సన్నగా, వేగంగా వినిపించేది అందుకే. ఒక్కసారిగా ఎక్కువైతే లయ తప్పుతుంది, చివరికి ముడుచుకున్నది ముడుచుకున్నట్టే ఆగిపోవచ్చు.

1880ల్లో లండన్‌లో సిడ్నీ రింగర్ అనే డాక్టర్, గుండె కొట్టుకోవాలంటే బయటి కాల్షియం కావాలని కప్ప గుండె మీద గమనించాడు. కుళాయి నీళ్లతో కలిపిన ఉప్పు ద్రావణంలో కొట్టుకున్న గుండె, శుద్ధి చేసిన నీళ్లతో కలిపినదాంట్లో నీరసించిపోయింది. తేడా కుళాయి నీళ్లలోని కాల్షియం. మనం వాడే రింగర్ లాక్టేట్ సెలైన్‌కు ఆయన పేరే.

బెదిరిన పశువులో అడ్రినలిన్ పెరిగి, గుండె కణాల్లోకి ఇంకా ఎక్కువ కాల్షియం వస్తుంది. కాబట్టి బాటిల్ ఎక్కుతుంటే చుట్టూ గుంపు, కుక్కలు లేకుండా చూడండి.

ఇంకో మాట. హైవే డివైడర్ల మీద కత్తిరించి పడేసిన గన్నేరు కొమ్మలు పశువు తిందేమో అని అనుమానం ఉంటే, డాక్టర్‌కు ముందే చెప్పండి. ఆ విషం కూడా గుండె కణాల్లో కాల్షియం పెంచేదే. దాని మీద కాల్షియం ఎక్కిస్తే ప్రమాదం.

రెండు రోజుల్లో మళ్లీ పడిపోవడం మామూలే. పడిపోతే పక్కకు ఒరగకుండా గోనె సంచుల ఆసరా పెట్టి, రొమ్ము మీద కూర్చోబెట్టండి. నోట్లో ఏమీ పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పశువుల అంబులెన్స్ నంబర్ 1962కు ఫోన్ చేయండి. దూడకు ముర్రుపాలు తాగించండి గానీ, మొదటి రెండు రోజులు పొదుగు పూర్తిగా పిండేయొద్దు. ఇంట్లో ఉన్న బాటిల్ గడువు చూసుకొని, డాక్టర్ వచ్చేలోపు గోరువెచ్చని నీళ్లలో పెట్టి ఉంచండి.