లూగర్ కొనబోతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

నీవు పంపిన ఫోటోలు చూశాను. అమ్మేవాడు దానిని 1917 నాటి ఆర్టిలరీ లూగర్, అంటే ఫిరంగిదళం కోసం పొడవాటి బ్యారెల్‌తో చేసిన జర్మన్ పిస్తోలు, అంటున్నాడు, ధర కూడా ఆ పేరుకు తగ్గట్టే చెబుతున్నాడు. నిజమే కావచ్చు. అయితే ఆ ఫోటోలలో తెలిసేది బ్యారెల్ పొడవు ఒక్కటే. మామూలు సైనిక లూగర్ అయిన పీ08కు సుమారు 100 మిల్లీమీటర్లు, నౌకాదళం వాడినదానికి 150, ఆర్టిలరీకి 200 ఉంటుందన్న సంగతి మామూలు పిస్తోలుకు పొడవాటి బ్యారెల్ బిగించి అమ్మేవారికి మనకంటే బాగా తెలుసు.

చేతిలోకి తీసుకోగానే ముందు మ్యాగజైన్ (తూటాల పెట్టె) తీసి, పైనున్న టోగుల్‌ను, అంటే మోకాలిలా మడిచే మీటను, వెనక్కి లాగి తూటా కూర్చునే ఛాంబర్‌లోకి చూడు. లోపల తూటా ఉంటే, దాన్ని బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ కాస్త పైకి లేచి, దాని పక్కన చెక్కిన ‘గెలాడెన్’ అన్న జర్మన్ మాట కనిపిస్తుంది. ‘నిండి ఉంది’ అని దాని అర్థం. ఆ మాట కనిపించకపోయినా కంటితో చూడకుండా నమ్మవద్దు.

తరువాత నంబర్లు చూడు. నీ సమయంలో ఎక్కువ భాగం ఇక్కడే పోవాలి. సైనిక లూగర్లకు ఏటా నంబర్లు మళ్ళీ 1 నుంచి మొదలయ్యేవి; పదివేలు దాటితే a, b అంటూ చిన్న అక్షరం చేరేది. అందువల్ల ఛాంబర్ మీది సంవత్సరం, నంబరు, అక్షరం మూడూ కలిస్తేనే ఒక పిస్తోలుకు గుర్తింపు. ఆ నంబరు అక్షరంతో సహా ఫ్రేమ్ (పిడి ఉన్న కింది చట్రం) ముందుభాగాన, బ్యారెల్ అడుగున ఒకేలా ఉండాలి; ట్రిగ్గర్, సేఫ్టీ మీట వంటి చిన్న భాగాల మీద చివరి రెండంకెలు ఉండాలి. దానితోపాటు వచ్చిన మ్యాగజైన్‌కు చెక్క అడుగు ఉండి, దానిమీదా అదే నంబరు ఉంటే అదృష్టమే. అదనపు మ్యాగజైన్ అయితే నంబరు పక్కన కూడిక గుర్తు ఉంటుంది.

బ్యారెల్, దానిని పట్టి ఉంచే రిసీవర్ కలిసేచోట అడుగున రెండింటి మీదుగా సాగే ఒక సన్నని గీత ఉంటుంది. పాతికేళ్ళ క్రితం నేను కొన్నదానిలో చిన్న భాగాలన్నీ సరిపోయాయన్న సంబరంలో ఆ గీత చూడలేదు. ఇంటికొచ్చి భూతద్దం పెడితే రెండు ముక్కల గీతలూ వెంట్రుకవాసి తేడాతో పక్కపక్కన నిలిచాయి. బ్యారెల్ అంకెల తీరు కూడా ఫ్రేమ్ మీది అంకెలతో కలవలేదు. అమ్మినవాడు తిరిగి తీసుకోలేదు.

ఇక రంగు. ఆ కాలపు లూగర్లకు ఒళ్ళంతా నల్లటి నీలం, ట్రిగ్గర్, సేఫ్టీ మీట, మ్యాగజైన్ బొత్తాం వంటివాటికి ఎండుగడ్డి రంగు. వేలు తగిలేచోట ఆ గడ్డి రంగు వెలిసి గోధుమ, బూడిద రంగులోకి దిగుతుంది. అన్నిచోట్లా సమానంగా పసుపు పచ్చగా మెరుస్తోంటే మళ్ళీ వేసినదని అనుమానించు. అలాగే ముద్రల అంచులు అరిగి మెత్తబడి, పైన నీలం మాత్రం కొత్తగా ఉంటే సానపట్టి మళ్ళీ రంగు వేశారన్నమాట.

పేర్లకు మోసపోకు. నల్ల ప్లాస్టిక్ పిడి ఉన్న 1941, 1942 నాటి మౌజర్ కంపెనీ లూగర్లను ‘బ్లాక్ విడో’ అనడం యుద్ధం తరువాత వ్యాపారులు మొదలుపెట్టిన సంగతి. సైన్యం వాటికి ఆ పేరు పెట్టలేదు.

బయానా ఇవ్వకముందే బ్యారెల్ అడుగు, ఆ గీత, టోగుల్ మీది ముద్ర, 800 మీటర్ల వరకు గుర్తులున్న వెనుక సైటు (గురి చూసే పలక), ఈ నాలుగింటినీ పగటి వెలుతురులో దగ్గరగా ఫోటో తీసి పంపు. మెరుగు పెడతానని అతను అన్నా ఒప్పుకోకు.

ఇట్లు,
మీ మామయ్య