సోరియాసిస్ ఉండగా తామర: ముందు ఆ నోటిపూత సంగతి చూడండి

ప్రశ్న: నా వయసు 46. తొమ్మిదేళ్లుగా మోచేతులు, మోకాళ్లు, తల మీద సోరియాసిస్ ఉంది. రెండేళ్లుగా మెథోట్రెక్సేట్ వారానికి మూడు మాత్రలు వాడుతున్నాను, అదుపులోనే ఉంది. నాలుగు నెలల క్రితం గజ్జల్లో, నడుము చుట్టూ గుండ్రటి మచ్చలు వచ్చాయి. దురద భరించలేను. సోరియాసిస్ అక్కడికీ పాకిందనుకుని మందుల షాపులో అడిగి ఒక క్రీమ్ తెచ్చుకున్నాను. రాసిన మూడు రోజులకే తగ్గుతుంది, మానేసిన వారానికి మళ్లీ ఇంకా పెద్దగా వస్తుంది. ఇప్పటికి ఏడెనిమిది ట్యూబులు అయ్యాయి. ఇది ఫంగస్ అని తెలిసినవాళ్లు చెప్పడంతో, మా అన్నయ్య వాడగా మిగిలిన ఇట్రకొనజోల్ క్యాప్సూల్స్ పది రోజులుగా వేసుకుంటున్నాను. కాలి గోళ్లు కూడా పసుపు రంగుకు మారి మందంగా అయ్యాయి. ఏ ఆహారం మానేస్తే ఈ ఫంగస్ తగ్గుతుంది? మెథోట్రెక్సేట్ వల్లే వచ్చిందంటే దాన్ని ఆపేయాలా? పిల్లలకు అంటుకుంటుందా? వారం నుంచి నోట్లో కాస్త పూత ఉంది, వేడి చేసిందనుకుంటున్నాను. మోకాళ్ల నొప్పులకు అప్పుడప్పుడు పెయిన్ కిల్లర్ తప్ప వేరే మందులు లేవు.
– ఒక పాఠకుడు

జవాబు: ఆహారం సంగతి తర్వాత చెబుతాను. మీరు చివర్లో తేలిగ్గా రాసేసిన నోటిపూత దగ్గరే నేను ఆగిపోయాను. మెథోట్రెక్సేట్ వాడేవారికి నోట్లో పూత వస్తే వేడి చేసిందనుకుని వదిలేయకూడదు. ఆ మందు ఒంట్లో ఎక్కువైందని చెప్పే తొలి గుర్తుల్లో అదొకటి. ఎముకల మూలుగలో రక్తకణాల తయారీ తగ్గుతున్నప్పుడు కూడా అది ముందుగా నోట్లోనే బయటపడవచ్చు. కాబట్టి వీలైతే ఈరోజే, మీకు ఆ మందు రాసిన డాక్టర్‌తో మాట్లాడండి. మాట్లాడేదాకా తర్వాతి డోసు వేసుకోకండి. వారానికోసారి వేసుకునే మందు రెండు మూడు రోజులు ఆలస్యమైనంత మాత్రాన సోరియాసిస్ విజృంభించదు. కంప్లీట్ బ్లడ్ కౌంట్, లివర్, కిడ్నీ పరీక్షలు వెంటనే చేయించుకోండి. వాటిని ఆఖరిసారి ఎప్పుడు చేయించుకున్నారో మీరు రాయలేదు. చాలాకాలమే అయి ఉంటుందని నా అనుమానం. డోసు కుదురుకున్నాక కూడా సాధారణంగా రెండు మూడు నెలలకోసారి ఈ పరీక్షలు చేయిస్తూనే ఉంటాం.

ఇంకో సందేహం. 'వారానికి మూడు మాత్రలు' అన్నారు. మూడూ ఒకే రోజున వేసుకుంటున్నారా, రోజు విడిచి రోజు ఒక్కొక్కటి వేసుకుంటున్నారా? మీ ఉత్తరాన్ని బట్టి తెలియడం లేదు. సోరియాసిస్‌కి ఈ మందును వారంలో ఒక నిర్ణీత రోజునే ఇస్తాం. పొరపాటున రోజూ వేసుకుని ప్రాణాల మీదికి తెచ్చుకున్నవారు ఉన్నారు. మెథోట్రెక్సేట్ దుష్ప్రభావాలు తగ్గడానికి దాంతోపాటు ఇచ్చే ఫోలిక్ యాసిడ్ మాత్ర గురించి మీరు ప్రస్తావించలేదు. అది వాడుతున్నారో లేదో కూడా మీ డాక్టర్‌కి చెప్పండి. పెయిన్ కిల్లర్ విషయం దాచకండి. మెథోట్రెక్సేట్ మూత్రపిండాల ద్వారా బయటికి పోతుంది, కొన్ని నొప్పి మాత్రలు ఆ దారిని నెమ్మదింపజేస్తాయి. డాక్టర్లే రెండూ కలిపి రాసే సందర్భాలున్నాయి, కానీ అప్పుడు రక్తపరీక్షల మీద ఓ కన్నేసి ఉంచుతారు. అలాగే మూత్రంలో మంటకో మరోదానికో ట్రైమెథోప్రిమ్ కలిసిన సల్ఫా మాత్రలు ఎవరైనా ఇస్తే, 'నేను మెథోట్రెక్సేట్ మీద ఉన్నాను' అని ముందే చెప్పండి. ఆ రెండూ కలిస్తే రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోవచ్చు. అన్నట్టు, ఆ మోకాళ్ల నొప్పులు వయసువే అని మీకు మీరే తేల్చేసుకోకండి. సోరియాసిస్ ఉన్నవారిలో కీళ్లవాతం కూడా వస్తుంది, దాన్ని ఒకసారి చూపించుకోవాలి.

నోటిపూతకు వేరే కారణమూ ఉండొచ్చు. నాలుక మీద, బుగ్గల లోపల తెల్లటి పొరలా ఉండి, తుడిస్తే కింద ఎర్రగా కనిపిస్తుంటే అది క్యాండిడా అనే ఫంగస్ కావచ్చు. పుండ్లలా ఉండి మింగుతుంటే మండుతుంటే మొదట చెప్పిన కారణాన్నే ముందు అనుమానించాలి. చూడకుండా నేను ఏదీ తేల్చి చెప్పలేను. అందుకే రక్తపరీక్ష అంటున్నాను.

ఇక మీ అన్నయ్యగారి క్యాప్సూల్స్. వాటిని ఆపి, డాక్టర్‌ని కలిసేదాకా పక్కన పెట్టండి. ఇట్రకొనజోల్ మంచి మందే, నేనూ రాస్తుంటాను. కానీ అది లివర్ మీద భారం వేస్తుంది, మెథోట్రెక్సేట్ కూడా వేస్తుంది. రెండూ కలిసినప్పుడు పరీక్షలు లేకుండా వాడటం సరికాదు. గుండె బలహీనంగా ఉన్నవారు దీన్ని వాడకూడదు. కొలెస్ట్రాల్‌కి వాడే కొన్ని స్టాటిన్ మాత్రలతో కలిస్తే కండరాలు దెబ్బతినే ప్రమాదం ఉంది. ఎసిడిటీ మాత్ర వేసుకుంటూ ఈ క్యాప్సూల్ మింగితే అది సరిగ్గా ఒంటపట్టదు. పైగా మిగిలిపోయిన క్యాప్సూల్స్‌తో సగం కోర్సే అవుతుంది. సగం కోర్సుతో తగ్గినట్టే తగ్గి మళ్లీ తిరగబెట్టిన కేసులే మా దగ్గరికి ఎక్కువగా వస్తాయి.

అసలు నా బాధంతా ఆ క్రీమ్ గురించే. పేరు రాయలేదు, అయినా మీ వర్ణనే చెబుతోంది. మూడు రోజుల్లో తగ్గి, ఆపగానే రెట్టింపయ్యేది దాదాపుగా స్టిరాయిడ్ కలిపిన మిశ్రమ క్రీమే. ఒక యాంటీబయాటిక్, ఒక యాంటీఫంగల్, వాటితోపాటు క్లోబెటసాల్ లాంటి ఘాటైన స్టిరాయిడ్ ఉంటాయి. స్టిరాయిడ్ దురదను, ఎరుపును అణిచేస్తుంది. మీకు హాయిగా ఉంటుంది. ఫంగస్‌కి కూడా హాయిగానే ఉంటుంది, ఎందుకంటే దాన్ని అడ్డుకోవాల్సిన మీ చర్మపు రక్షణ కూడా అణిగిపోతుంది. మామూలుగా తామర (చర్మానికి పట్టే ఫంగస్) అంటే అంచు ఎర్రగా, పొలుసుగా ఉబ్బి, మధ్యలో చర్మం కాస్త తేరుకుని వలయంలా ఉంటుంది. ఈ క్రీములు నెలల తరబడి రాశాక ఆ వలయం చెదిరిపోతుంది. వలయంలో వలయం వస్తుంది, లేదంటే అంచే లేకుండా పరుచుకుపోతుంది. అప్పుడు అనుభవమున్న డాక్టర్ కూడా చూడగానే పోల్చుకోలేరు. గజ్జల్లాంటి మడతల్లో చర్మం పలచన, మందు ఎక్కువగా లోపలికి ఇంకుతుంది. అక్కడ స్టిరాయిడ్ వల్ల పడే చారలు జీవితాంతం ఉండిపోతాయి. ఈ మాట నేను రోజూ కనీసం ఇద్దరికి చెబుతాను. 'డాక్టర్‌గారూ, మళ్లీ రాదు కదా ఆ చర్మం?' అని అడుగుతారు. రాదు.

కాబట్టి గజ్జల్లో, నడుము దగ్గర ఆ క్రీమ్ ఆపేయండి. మొదటి వారం పది రోజులు దురద పెరగవచ్చు. ఆ టెన్షన్‌లో మళ్లీ ట్యూబు అందుకోకండి, మీ డాక్టర్ దురదకు మాత్ర ఇస్తారు. కానీ అదే క్రీమును ఒంటి మీద సోరియాసిస్ మచ్చలన్నిటికీ కూడా రాస్తుంటే మాత్రం చెప్పకుండా ఒక్కసారిగా ఆపకండి. ఘాటైన స్టిరాయిడ్‌ను ఎక్కువ భాగం మీద చాలాకాలం రాసి హఠాత్తుగా మానేస్తే సోరియాసిస్ భగ్గుమనవచ్చు, చీము పొక్కుల రకంగానూ మారవచ్చు. స్టిరాయిడ్ మాత్రలు, ఇంజెక్షన్ల విషయంలో ఈ భయం ఇంకా ఎక్కువ. మోచేతులకు డాక్టర్ రాసిన స్టిరాయిడ్ ట్యూబు విడిగా ఉంటే అది మోచేతులకే. రాశాక చేతులు కడుక్కోండి, అదే వేలితో గజ్జల్లో గోక్కోకండి.

మీ మచ్చలు తామరేనా? గుండ్రంగా ఉండి పాకుతున్నాయి కాబట్టి తామర అయ్యే అవకాశమే ఎక్కువ. కానీ సోరియాసిస్ కూడా మడతల్లో వస్తుంది. అక్కడ తడి వల్ల తెల్లటి పొలుసులు ఉండవు, నున్నగా, ఎర్రగా, అచ్చం ఫంగస్‌లా కనిపిస్తుంది. రెండూ ఒకేచోట ఉండటమూ కద్దు. సోరియాసిస్ ఉన్నవారికి చర్మం గీరుకున్నచోట, గోకినచోట కొత్త మచ్చ లేవడం తెలిసిన విషయమే. తామరను గోకగా గోకగా దాని మీదే సోరియాసిస్ వచ్చిన పేషెంట్లు నాకున్నారు. ఒకావిడకు రొమ్ముల కింద ఏడాదిగా సోరియాసిస్ అనే వైద్యం జరిగింది. గీకి చూస్తే క్యాండిడా. అది తగ్గాక కింద మిగిలింది నిజంగానే సోరియాసిస్.

గీకి చూడటం అంటే పెద్ద పరీక్షేమీ కాదు. మచ్చ అంచు మీద మొండి బ్లేడుతో మెల్లగా గీకుతాం. పిండిలా రాలిన పొలుసును గాజు పలక మీదికి తీసుకుని, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి కాసేపు ఉంచుతాం. చర్మకణాలు కరిగి పలచబడతాయి, ఫంగస్ ఉంటే మైక్రోస్కోపు కింద కొమ్మలు వేసిన సన్నటి దారాల్లా కనిపిస్తుంది. నొప్పి ఉండదు. చాలాసార్లు పేషెంట్ అక్కడ కూర్చుని ఉండగానే ఫలితం చెప్పేస్తాం. ఏడెనిమిది ట్యూబులకు ముందు చేయించుకోవాల్సింది ఇదే. ఇప్పుడు మీరు పది రోజులు క్యాప్సూల్స్ మింగారు, క్రీమూ రాశారు కనుక ఫంగస్ ఉన్నా కనిపించకపోవచ్చు. ఆ సంగతి గీకే ముందే చెప్పండి. అవసరమైతే కొన్నాళ్లు ఆగి మళ్లీ చూస్తారు, లేదా కల్చర్‌కి (ఫంగస్‌ను ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్షకు) పంపుతారు. కల్చర్‌కి వారాలు పడుతుంది, కాస్త ఓపిక పట్టాలి.

గోళ్ల విషయంలోనూ ఇదే మాట. గోటి మీద సూదితో పొడిచినట్టు చిన్న గుంటలు, గోటి కింద నూనె మరకలాంటి రంగు ఉంటే సోరియాసిస్ వైపు మొగ్గుతాం. కాలి గోరు మందమై, పసుపు రంగుతో పొడి రాలుతుంటే రెండిటిలో ఏదైనా కావచ్చు, రెండూ కావచ్చు. గోటి ముక్కను పరీక్షించకుండా మాత్రలు మొదలుపెట్టకూడదు. ఫంగస్‌కు ఇచ్చే టెర్బినాఫిన్ అయితే కాలి గోళ్లకు 12 వారాలు వాడాలి. అన్నాళ్లు లివర్‌కి ఊరికే పని పెట్టడం ఎందుకు? పైగా టెర్బినాఫిన్ కొద్దిమందిలో సోరియాసిస్‌ను రేపుతుంది. అరుదే, కానీ మీలాంటివారికి రాసేటప్పుడు మేం గుర్తుంచుకోవాలి. గోళ్లలో ఫంగస్ ఉంటే దాన్ని వదిలేసి గజ్జలకు మాత్రమే వైద్యం చేస్తే అది మళ్లీ పైకి పాకుతుంది. లోదుస్తులు పాదాలకు తగిలి ఫంగస్‌ను గజ్జలకు చేర్చకుండా, సాక్సు వేసుకున్నాకే వాటిని వేసుకోమంటాం.

మెథోట్రెక్సేట్ ఆపేయాలా అన్నారు. నోటిపూత తేలేదాకా ఆగమన్నానే గానీ, శాశ్వతంగా మానేయమనలేదు. ఆ నిర్ణయం మీ డాక్టర్‌ది. రోగనిరోధక శక్తిని తగ్గించే మందు కాబట్టి ఫంగస్‌కు కొంత వీలు కల్పించవచ్చు, కానీ మీ విషయంలో అసలు దోషి ఆ క్రీమే అని నా అభిప్రాయం. రేపు ఎప్పుడైనా మందు మార్చాల్సి వస్తే ఈ ఫంగస్ చరిత్ర తప్పక చెప్పండి. సెకుకినుమాబ్, ఇక్సెకిజుమాబ్ వంటి ఇంజెక్షన్లు ఐఎల్-17 అనే రసాయన సంకేతాన్ని అడ్డుకుంటాయి. క్యాండిడాను నోట్లో, చర్మం మీద అదుపులో ఉంచేది కూడా అదే. అందుకే వాటితో నోట్లో, మడతల్లో క్యాండిడా కొంత ఎక్కువగా వస్తుంది. చాలావరకు మామూలు మందులతో తగ్గిపోతుంది, ఇంజెక్షన్ ఆపాల్సిన పని పడదు. సోరియాసిస్‌కే వాడే మరో మందు సైక్లోస్పోరిన్ అయితే వేరే కథ. దాని మీద ఉండగా ఇట్రకొనజోల్, ఫ్లూకొనజోల్ లాంటివి మింగితే రక్తంలో సైక్లోస్పోరిన్ ఎక్కువైపోయి బీపీ పెరగవచ్చు, కిడ్నీలు దెబ్బతినవచ్చు. అన్నయ్యగారి క్యాప్సూల్స్ మీరు సైక్లోస్పోరిన్ మీద ఉండగా వేసుకుని ఉంటే పది రోజులు చాలా ఎక్కువ.

పిల్లల సంగతి. సోరియాసిస్ అంటదు, తామర అంటుతుంది. తువ్వాలు, దుప్పటి, లోదుస్తులు విడిగా పెట్టుకోండి. బట్టలు వేడినీళ్లలో ఉతికి, తిరగేసి ఎండలో బాగా ఆరనివ్వండి. స్నానం చేశాక మడతలు పొడిగా తుడుచుకుని ఆ తర్వాతే బట్టలు వేసుకోండి, బిగుతైనవి వద్దు. ఇంట్లో ఎవరికైనా దురద మచ్చలు ఉంటే వాళ్లనూ అదే రోజు చూపించండి. ఒక్కరే వాడి మిగతావాళ్లు వదిలేస్తే అది ఇంట్లో తిరుగుతూనే ఉంటుంది. యాంటీఫంగల్ క్రీమ్ ఇస్తే మచ్చ మీదే కాక అంచు దాటి రెండు సెంటీమీటర్ల వరకు రాయాలి, కనిపించడం మానేశాక కూడా చెప్పినన్నాళ్లు కొనసాగించాలి.

ఆహారం మానేస్తే తామర తగ్గదు. పథ్యం పేరుతో ఒంటిని నీరసపెట్టుకోకండి. దానికి బదులు షుగర్ పరీక్ష చేయించుకోండి. సోరియాసిస్ ఉన్నవారిలో మధుమేహం ఎక్కువ, షుగర్ ఎక్కువగా ఉంటే మడతల్లో ఫంగస్ తగ్గనే తగ్గదు. బరువు ఎక్కువైతే తగ్గించుకోవడం రెండిటికీ మేలు. మద్యం అలవాటు ఉంటే ఈ మందుల మీద ఉండగా మానేయాల్సిందే.

జ్వరం, గొంతునొప్పి, ఒంటి మీద నల్లటి కమిలిన మచ్చలు, ఆయాసం, పొడి దగ్గు, కళ్లు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులో రావడం, ఒళ్లంతా ఎర్రబారడం లేదా చీము పొక్కులు లేవడం, వీటిలో ఏది కనిపించినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి.

మిమ్మల్ని చూడకుండా రాస్తున్నది కనుక దీన్ని ప్రిస్క్రిప్షన్‌గా తీసుకోకండి. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఖాళీవైనా సరే ఆ ట్యూబులన్నీ, క్యాప్సూల్స్ స్ట్రిప్పు, మెథోట్రెక్సేట్ స్ట్రిప్పు, నొప్పి మాత్రలు ఒక కవర్లో వేసి తీసుకెళ్లండి. నాలుగు నెలల క్రితం, మొదటి ట్యూబు రాయకముందు మచ్చ ఎలా ఉండేదో ఫోన్లో ఫొటో ఏమైనా ఉందేమో వెతకండి. ఉంటే ముందుగా అదే చూపించండి.